డెబ్బై మూడేళ్ల వయసులో డిలన్‌కి సినాట్రా పాటలెందుకు?

తెరచాప_శీను
డబ్బు పోయిందని కాదు నా బాధ. పాతికేళ్లుగా అమెరికన్ పాటగాడు బాబ్ డిలన్ అంటే చెవి కోసుకునేవాణ్ణి. ఆయన ఆల్బమ్ "షాడోస్ ఇన్ ద నైట్" వింటే ఎల్పీ మీదే వినాలని ఇన్నాళ్లూ నెట్‌లో కూడా ముట్టుకోకుండా దాచుకున్నాను. మొన్న కొరియర్‌లో వచ్చింది. ఆదివారం పొద్దున్నే కాఫీ కలుపుకుని, తుడిచి, సూది దించాను. మొదటి పాట సగానికి వచ్చేసరికి వంటింట్లోంచి మా ఆవిడ "ఎవరికి ఒంట్లో బాలేదు?" అని అడిగింది.

పది పాటలు. ఒక్కటీ ఆయన రాసింది కాదు. అన్నీ ఎప్పుడో ఫ్రాంక్ సినాట్రా పాడేసినవే. అంతా కలిపి 35 నిమిషాలు. 2015లో ఇది వచ్చింది, 2016లో ఈయనకే సాహిత్యంలో నోబెల్ ఇచ్చారు. మాటలు రాయడంలో ప్రపంచం నెత్తిన పెట్టుకున్న మనిషి 73 ఏళ్ల వయసులో ఊళ్లోవాళ్ల పాటలు పాడుకోవడమేంటి? అదీ వెన్నపూసలాంటి గొంతుకి కుదిరిన పాటల్ని గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు! ఎవరైనా నాకు నచ్చజెప్పండి. లేదా తిట్టడానికి తోడు రండి.

పాపారావు_13కార్డ్స్
పదికే కంగారు పడితే ఎలా గురూ. 2016లో "ఫాలెన్ ఏంజెల్స్" అని ఇంకో 12 పాటలు. 2017లో "ట్రిప్లికేట్" అని మూడు డిస్కుల్లో 30. కూడితే 52. పూర్తి పేక కట్ట.

నిద్రమాత్ర_నాని
జోకర్లు కలపకుండానా?

పాపారావు_13కార్డ్స్
జోకర్ నేనే. మూడూ కొన్నాను.

సోడాబుడ్డి
శీనుగారితో ఏకీభవిస్తున్నా. చేతిలో కొత్త సరుకు అయిపోయినప్పుడు అందరూ వేసే ఎత్తే ఇది. రాడ్ స్టువార్ట్ 2002లో మొదలెట్టి పాత అమెరికన్ పాటల్ని వాల్యూమ్ మీద వాల్యూమ్‌గా దింపాడు. మూడో వాల్యూమ్ అమెరికాలో నంబర్ వన్ కూడా అయింది, గ్రామీ కూడా వచ్చింది. అది చూసి ఈయనకీ నోరూరి ఉంటుంది. 2012లో "టెంపెస్ట్" తర్వాత మళ్లీ సొంత పాటల ఆల్బమ్ వచ్చింది 2020లో. మధ్యలో ఎనిమిదేళ్లు ఈ భజనే.

కలంపోటు
అయ్యా, ఈ మనిషి మొదలైందే ఊళ్లోవాళ్ల పాటలతో. 1962లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో 13 పాటలుంటే సొంతవి రెండే. 1970లో "సెల్ఫ్ పోర్ట్రెయిట్"లో చాలావరకు అరువు పాటలే. దాని మీద విమర్శకుడు గ్రీల్ మార్కస్ రాసిన సమీక్ష మొదటి వాక్యం ఇక్కడ రాస్తే మోడరేటర్ నన్ను బయటికి గెంటేస్తారు. 1992లో, 93లో ఒంటరిగా గిటార్ పట్టుకుని రెండు ఆల్బమ్‌ల నిండా పాత జానపదాలు. 2009లో క్రిస్మస్ పాటలు. ఎప్పుడు దారి తప్పినట్టనిపిస్తే అప్పుడు పాత పాటల దగ్గరికి వెళ్తాడు. 93 తర్వాత 97లో ఏం తెచ్చాడో గుర్తు చేసుకోండి. అందరూ నెత్తిన పెట్టుకున్న సొంత పాటల ఆల్బమ్ "టైమ్ అవుట్ ఆఫ్ మైండ్".

సోడాబుడ్డి
@కలంపోటు జానపదాలు వేరండీ. అవి ఆయన గొంతుకి సరిపోతాయి. ఇవి సూటూ బూటూ పాటలు. లుంగీ మీద కోటు వేసుకొచ్చినట్టుంది.

నిద్రమాత్ర_నాని
లుంగీ మీద కోటు మా తాతగారి పెళ్లి ఫొటో. ఏమీ అనకండి.

రేవతి_మూడోకాలం
ఒకరి పాట ఇంకొకరు పాడితే "కవర్" అంటారే, నాకు ఆ మాటే అర్థం కాదు. నేను పదేళ్లు సంగీతం నేర్చుకున్నదాన్ని. మన కచేరీలో ఎవరు సొంత పాట పాడతారు? త్యాగరాజు పోయి దాదాపు రెండొందల ఏళ్లు. అవే కృతులు రోజూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పాడుతూనే ఉన్నారు. "ఈయన కొత్తగా ఏమీ రాయలేదు" అని ఎవరూ లేచిపోరు. ఎలా పాడాడు అనే అడుగుతారు. పాడేవాడే రాయాలన్న రూలు రాక్ వాళ్లు పెట్టుకున్నది. అందులో పెద్ద చెయ్యి ఈ డిలన్‌దే.

సోడాబుడ్డి
మంచి మాటే. అయితే "ఎలా పాడాడు" అనే అడుగుదాం. కచేరీలో శ్రుతి తప్పితే ముందు వరసలో తాతలు మొహం చిట్లిస్తారు. ఇక్కడ మాత్రం భావం, భావం అని చప్పట్లు కొట్టాలా?

రేవతి_మూడోకాలం
శ్రుతి తప్పాడని ఎవరన్నారు? మళ్లీ వినండి. నేను తంబూరా యాప్ పెట్టుకుని మరీ విన్నాను (నవ్వకండి). గొంతు గరుకు, శ్రుతి గరుకు కాదు. పైస్థాయికి వెళ్లినప్పుడు వణుకుతుంది, స్వరం మీదే వణుకుతుంది. "ఆటమ్ లీవ్స్"లో చివరి మాటల దగ్గర ఎంత జాగ్రత్తగా అడుగు వేస్తాడో చూడండి. తడి గచ్చు మీద ముసలాయన నడిచినట్టు.

మైకు_మస్తాన్
నా ఫీల్డ్ కాబట్టి దూరుతున్నాను. హైదరాబాద్‌లో రికార్డింగ్ థియేటర్లలో ఇరవై ఏళ్లుగా కన్సోల్ ముందు కూర్చున్నవాణ్ణి.

ఈ ఆల్బమ్ రికార్డు చేసింది హాలీవుడ్‌లో క్యాపిటల్ స్టూడియోస్, స్టూడియో బీ. సినాట్రా క్యాపిటల్ రికార్డులు చాలా పాడింది కూడా ఆ భవనంలోనే. ఇంజనీరు ఆల్ ష్మిట్. డిలన్, తనతో టూర్లు తిరిగే ఐదుగురు వాద్యగాళ్లు అంతా ఒకే గదిలో, హెడ్‌ఫోన్స్ లేకుండా, గాయకుడికి విడి గది లేకుండా, తర్వాత అతుకులు వెయ్యకుండా, ఒకటి రెండు టేకుల్లో పాడారు.

దీని అర్థం ఏంటో చెప్తా. ఇప్పుడు మా దగ్గర పాట ఎలా చేస్తాం? గాయకుడు ఒక్కడే గాజు గదిలో. ట్రాక్ చెవిలో. లైను లైనుగా పంచ్ చేస్తాం, ఒక మాట బాగా రాకపోతే ఆ మాటే మళ్లీ. తర్వాత కంప్యూటర్లో శ్రుతి సరిచేస్తాం. అందరూ ఒకే గదిలో ఉంటే ఆ పప్పులు ఉడకవు. గొంతు మైకులో బేస్ పడుతుంది, గిటార్ మైకులో గొంతు పడుతుంది. గొంతు ఒక్కదాన్నీ లాగి సరిచేద్దామంటే దాని వెనక గిటార్ కూడా వంకర పోతుంది. అంటే ఏది పాడితే అదే. 73 ఏళ్ల మనిషి ఆ పందేనికి ఒప్పుకున్నాడంటే నేను లేచి నమస్కారం పెడతా. మా దగ్గరికి పాతికేళ్ల పిల్లలు వచ్చి "అన్నా, మిగతాది నువ్వు చూసుకో" అనేసి వెళ్లిపోతారు.

తెరచాప_శీను
@మైకు_మస్తాన్ ఇది తెలియదు నాకు. అందుకేనా గొంతు చెవి పక్కనే ఉన్నట్టుంది? ఊపిరి పీల్చడం కూడా వినిపించి చిరాకేసింది.

మైకు_మస్తాన్
అదే. ఊపిరి తీసెయ్యడం మాకు రెండు నిమిషాల పని. తియ్యలేదు చూశారా. ఇంకోటి గమనించండి, పియానో లేదు, పెద్ద వయొలిన్ల గుంపు లేదు. సినాట్రా రికార్డుల్లో ఆర్కెస్ట్రా మొత్తం వాయించిన దాన్ని ఇక్కడ డానీ హెరన్ పెడల్ స్టీల్ (పడుకోబెట్టి వాయించే గిటార్) ఒక్కటీ మోస్తుంది. రెండు మూడు పాటల్లో వెనకాల మెల్లగా బూరలు వస్తాయి, అంతే. మొదటి పాట మొదలవ్వగానే ఒక స్వరం మీద నుంచి ఇంకో స్వరానికి జారుతుందే, అదే పెడల్ స్టీల్.

రేవతి_మూడోకాలం
జారు గమకం! అందుకే నా చెవికి ఇంట్లో మనిషిలా ఉంది.

డాలస్_బాబాయ్
మీరంతా కొనుక్కున్నారు, మాకు ఫ్రీగా వచ్చే ఛాన్సు చేజారింది. ఇక్కడ 50 దాటినవాళ్ల సంఘం ఏఏఆర్‌పీ పత్రిక ఒకటి ఉంది. డిలన్ ఈ ఆల్బమ్‌కి ఇంటర్వ్యూ ఇచ్చింది ఆ పత్రికకే. అంతటితో ఆగకుండా 50 వేల మంది పాఠకుల్ని ఎంపిక చేసి సీడీ ఉచితంగా పంపించారు. మా మామగారికి ఆ పత్రిక వస్తుంది. రోజూ మెయిల్‌బాక్స్ దగ్గరికి నేనే వెళ్లేవాణ్ణి. రాలేదు. మోకాళ్ల నొప్పుల మందు ప్రకటన వచ్చింది.

పాపారావు_13కార్డ్స్
బాబాయ్, ఏ వయసువాళ్ల కోసం చేశాడో ఆయనే తేల్చి చెప్పేశాడన్నమాట. శీనుగారూ, మీ వయసెంత?

తెరచాప_శీను
47. మూడేళ్లు ఆగి వినమంటారా?

పాపారావు_13కార్డ్స్
ఎల్పీ అంతవరకూ వంకర పోకుండా ఉంటే.

తెరచాప_శీను
ఆల్రెడీ వంకరగానే వచ్చింది. షాపు పేరు చెప్పను గానీ, తిరిగి పంపుతానంటే "సార్, కొంచెం వంపు ఉంటే సౌండు వార్మ్‌గా ఉంటుంది" అన్నాడు ఫోన్లో.

మైకు_మస్తాన్
వాడికి నోబెల్ ఇవ్వాలి.

వర్షన్_వాసు
డబ్బుల కోసం చేశాడన్న @సోడాబుడ్డిగారికి ఒక లెక్క. అమెరికాలో ఒకసారి రికార్డుగా వచ్చిన పాటని ఎవరైనా మళ్లీ పాడి అమ్ముకోవచ్చు, చట్టం చెప్పిన రుసుము రాసినవాళ్లకి కడితే చాలు. 2015లో ఆ రుసుము పాటకి, కాపీకి 9.1 సెంట్లు. పది పాటలంటే ఒక్కో కాపీ మీద దాదాపు డాలరు పాట రాసినవాళ్ల వారసులకీ వాళ్ల కంపెనీలకీ పోతుంది. సొంత పాటలైతే ఆ డాలరు కూడా డిలన్ జేబులోకే. డబ్బే కావాలంటే పాత నోట్‌బుక్ తిరగేసి పది పాటలు రాసుకోవడమే లాభం.

మన దగ్గర అలా మళ్లీ పాడి అమ్మాలంటే, 2012 కాపీరైట్ చట్ట సవరణ తర్వాత, మొదటి రికార్డు వచ్చి ఐదేళ్లు దాటాలి. ఎనభైల్లో ఇంత పట్టింపు ఉండేది కాదు. గుల్షన్ కుమార్ టీ-సిరీస్ వర్షన్ క్యాసెట్లతోనే కదా ఎదిగింది. నా హ్యాండిల్ అందుకే. మా బస్టాండు ముందు బండి మీద సగం ధరకి దొరికేవి. అట్ట మీద హీరో బొమ్మ, లోపల పాడింది ఎవరో. చిన్నప్పుడు కొన్ని పాటలకి ఆ వర్షన్లే అసలువనుకునేవాణ్ణి. ఇప్పటికీ అసలు పాట వింటే ఏదో తేడాగా అనిపిస్తుంది.

సోడాబుడ్డి
లెక్క బాగుంది, ఒప్పుకుంటా. కానీ బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, అమెరికాలో ఏడో స్థానం. ఊరికే చేసిన సేవ ఏమీ కాదు. పైగా సొంత పాటల హక్కులు 2020లో యూనివర్సల్‌కి అమ్ముకున్నాడుగా.

లాలాగూడ_లిల్లీపూలు
నేను ఇక్కడ రాయడం తక్కువ. మా చిన్నప్పుడు సికింద్రాబాద్ లాలాగూడలో రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. పక్కింట్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబం. అంకుల్ ఇంజన్ డ్రైవర్. నైట్ డ్యూటీ దిగొచ్చి స్నానం చేసి, వరండాలో వాలుకుర్చీ వేసుకుని సినాట్రా పెట్టేవారు. నాకు అప్పటికి ఇంగ్లీషు సరిగా రాదు. సినాట్రా మాటని ఎక్కడ ఆపుతాడో, ఎక్కడ ఊపిరి పీల్చకుండా తర్వాతి లైనులోకి వెళ్లిపోతాడో మాత్రం నోటికి వచ్చేసింది. ఆ రహస్యం అంతా ఊపిరిలోనే ఉంది.

అందుకని నేను డిలన్ పక్షం పూర్తిగా కాదు. "సమ్ ఎన్‌చాంటెడ్ ఈవినింగ్" ఆయన పాడకుండా ఉండాల్సింది. 1949 నాటి "సౌత్ పసిఫిక్" అనే నాటకంలోది, నిండు గొంతుతో ఛాతీ విరిచి పాడాల్సిన పాట. డిలన్ దాన్ని గుసగుసలో పెట్టేశాడు, ఆ సాయంత్రం కాస్తా చప్పగా చల్లారిపోయింది. కానీ మొదటివైపు చివర, ఐదో పాట "వై ట్రై టు చేంజ్ మీ నౌ" వినండి శీనుగారూ. నేనిలాగే ఉంటాను, ఇప్పుడు మార్చడమెందుకు అని దాని భావం. సినాట్రా పాడితే అందగాడు గోముగా అడిగినట్టు ఉంటుంది. ఈయన పాడితే నిజంగానే మార్చలేని మనిషి. అక్కడ నేను సినాట్రాని పక్కన పెట్టాను. అంకుల్ ఉంటే కొట్టేవారు.

తెరచాప_శీను
అమ్మా, మొదటివైపు ఐదో పాట దాకా నేను వెళ్లలేదు. నిజం చెప్తున్నా. మూడో పాటకే సూది ఎత్తేశాను.

నిద్రమాత్ర_నాని
ఆహా! పది పాటల మీద తీర్పు, విన్నది మూడు!

సోడాబుడ్డి
నేను పదీ విన్నాను. నా తీర్పు అలాగే ఉంది. "ఫుల్ మూన్ అండ్ ఎంప్టీ ఆర్మ్స్" మాత్రం బాగుందని ఒప్పుకుంటా.

రేవతి_మూడోకాలం
అది బాగుంటుంది, ఎందుకంటే ఆ బాణీ రష్యన్ సంగీతకర్త రాహ్మానినాఫ్ రెండో పియానో కాన్చెర్టోలోది. సినాట్రా కంటే ముందే అరువు తెచ్చిన పాట.

కలంపోటు
"ఆటమ్ లీవ్స్" కూడా అంతే. అసలు ఫ్రెంచి పాట. జాక్ ప్రెవేర్ మాటలు, జోసెఫ్ కోస్మా బాణీ. ఇంగ్లీషులోకి తెచ్చింది జానీ మెర్సర్.

నిద్రమాత్ర_నాని
డబ్బింగ్ పాట అనండి.

కండ్లద్దాల_కాశీ
జానీ క్యాష్ ముందు ఇదంతా దండగ. 2002లో "హర్ట్" పాడాడు, నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం పాట, వినగానే గొంతు పట్టేస్తుంది. అది రాసిన ట్రెంట్ రెజ్నరే ఆ పాట ఇక తనది కాదనిపించిందన్నాడు. ముసలి గొంతుతో కవర్ అంటే అది. తర్వాతి ఏడాది క్యాష్ పోయాడు.

కలంపోటు
@కాశీ అదీ ఇదీ వేరు. క్యాష్ తనకంటే చిన్నవాడి పాట తీసుకున్నాడు. నిర్మాత రిక్ రూబిన్ వెతికి తెచ్చిన ఉపాయం అది. డిలన్ వెళ్లింది వెనక్కి, తనకంటే ముందువాళ్ల దగ్గరికి. ఆ ముందువాళ్లు ఎవరు? న్యూయార్క్‌లో టిన్ పాన్ యాలీ అనే వీధివాళ్లు, పాటలు రాయడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు. ఒకడు మాట, ఒకడు బాణీ, పాడేవాడు ఇంకొకడు. మన సినిమా పాటలాగే. పాడేవాడే రాసుకోవాలన్న పద్ధతి వచ్చాక వాళ్ల కొట్లు మూతపడ్డాయి. 1985లో వచ్చిన తన పాటల సెట్ "బయోగ్రాఫ్"తో ఇచ్చిన పుస్తకంలో ఆ వీధి కథ ముగించింది తానేనని డిలన్ గొప్పగా చెప్పుకున్నాడు. మూయించిన కొట్టు షట్టర్ తనే ఎత్తి, దుమ్ము దులిపి, లోపల కూర్చున్నాడు ముప్పై ఏళ్ల తర్వాత. నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే ఆసక్తి దాని మీదే. వీటిని కప్పడం కాదు, ఇప్పటికే కప్పేసి పాతిపెట్టిన పాటల మీద మూత తీస్తున్నానని ఆయనే అన్నాడు.

ఇంకోటి. గొంతు సంగతి. ఆల్బమ్ వచ్చిన మూడు రోజులకే, 2015 ఫిబ్రవరి 6న మ్యూజికేర్స్ అనే సంగీతకారుల సహాయ సంస్థ సభలో చాలాసేపు మాట్లాడాడు. కప్పలా అరుస్తాడని మొదట్నుంచీ తనని అన్నవాళ్లందరికీ అక్కడ అప్పు తీర్చేశాడు. గొంతు ఎంత అందంగా ఉందని కాదు, నిజం చెప్తోందా లేదా అన్నదే చూడాలన్న గాయకుడు సామ్ కుక్ మాట గుర్తు చేశాడు.

సోడాబుడ్డి
ఉపన్యాసాలిచ్చి గెలిచే పాటలు నాకొద్దు. పాటే గెలవాలి.

మోడరేటర్
కాశీగారూ, క్యాష్ గొప్పా డిలన్ గొప్పా అన్నదానికి పాత థ్రెడ్ ఉంది, 400 పోస్టులు, ఇంకా తేలలేదు. అక్కడికి వెళ్లండి. కలంపోటుగారూ, మార్కస్ వాక్యం రాయనందుకు థాంక్స్.

ఒంగోలు_ఒకడు
చాలా రోజులుగా చదవడమే. రాయాలనిపించింది. మా నాన్నకి 78. రైల్లో ఎప్పుడూ ఘంటసాల పాటలు పాడేవారు, పక్క సీట్లవాళ్లు ఇంకోటి ఇంకోటి అనేవాళ్లు. ఇప్పుడు ఊపిరి చాలదు. రాత్రి కరెంటు పోతే అరుగు మీద కూర్చుని పాడతారు. పల్లవి రెండో లైను మధ్యలో ఆగుతారు. ఊపిరి తీసుకుని, ఆగిన చోటు నుంచి కాకుండా, మొత్తం లైను మళ్లీ మొదటి నుంచి. ఆ ఆగినప్పుడు కీచురాళ్లు వినిపిస్తాయి. ఘంటసాల రికార్డు నా ఫోన్లో ఉంది, ఎప్పుడైనా వినొచ్చు. నాన్న పాడుతున్నప్పుడు మాత్రం అది పెట్టబుద్ధి కాదు.

డిలన్ గురించి నాకు పెద్దగా తెలియదు. ఇక్కడ చదివాక "వాటిల్ ఐ డూ" ఒకటి విన్నాను. అంతే.

రేవతి_మూడోకాలం
♥

నిద్రమాత్ర_నాని
దీనికి జోకు లేదు నా దగ్గర.

డాలస్_బాబాయ్
"వాటిల్ ఐ డూ" 1923 నాటిది, ఇర్వింగ్ బెర్లిన్ రాసింది. డిలన్ పుట్టకముందు పద్దెనిమిదేళ్లు. మా మామగారికి పెట్టి వినిపించా. "ఎవరీయన, మన భాష కాదు గానీ మన బాధే" అన్నారు. తర్వాత మోకాళ్ల మందు గురించి అడిగారు.

సోడాబుడ్డి
సరే, అందరూ ఏడుస్తుంటే నేనొక్కణ్ణే రాయిలా మిగిలాను. చివరి పాట "దట్ లక్కీ ఓల్డ్ సన్" మళ్లీ విన్నాను. అదొక్కటీ ఇస్తున్నా. రెండు పాటలు, పదికి. అంతకంటే బేరం ఆడకండి.

కలంపోటు
అది 1985లో రైతుల సాయం కోసం పెట్టిన ఫార్మ్ ఎయిడ్ కచేరీ వేదిక మీద టామ్ పెటీ బృందంతో కలిసి పాడిన పాటే. అప్పుడు 44 ఏళ్లు, గొంతెత్తి పాడాడు. రెండూ పక్కపక్కన పెట్టి విని, మూడు పాటలు చేస్తారేమో చూడండి.

సోడాబుడ్డి
బేరం ఆడొద్దన్నాను.

తెరచాప_శీను
నిన్న రాత్రి అందరూ పడుకున్నాక మళ్లీ పెట్టాను, సౌండు బాగా తగ్గించి. పొద్దున్న కాఫీతో వినే సరుకు కాదిది, అది నా తప్పే. లిల్లీపూలు గారు చెప్పిన ఐదో పాట రెండుసార్లు విన్నాను. "సమ్ ఎన్‌చాంటెడ్ ఈవినింగ్" మీద ఆవిడతోనే ఉన్నా. గరుకు కాగితం అన్నమాట వెనక్కి తీసుకోను, కాకపోతే గరుకు కాగితం ఎందుకు వాడతారో మా వడ్రంగిని చూస్తే గుర్తొచ్చింది. "ట్రిప్లికేట్" మాత్రం కొనను. ముప్పై పాటలంటే భయం.

పాపారావు_13కార్డ్స్
నాది తీసుకోండి. సగం ధర. ఒక డిస్కు అసలు విప్పలేదు.

తెరచాప_శీను
వంకరగా ఉందా?

పాపారావు_13కార్డ్స్
సౌండు వార్మ్‌గా ఉంటుంది సార్.